నుదుటి మీద చుక్క, ఒక కాలు తెలుపు

పాత పుస్తకాలు అమ్మేవాళ్లని విసిగించే మాట ఒకటుంది. "పేరు గుర్తు లేదండీ. ఎవరు రాశారో కూడా తెలీదు. అట్ట మీద మాత్రం ఎర్ర రిబ్బన్ బొమ్మ ఉంటుంది." అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పుస్తకాలు పరిచేవాళ్లైనా, విజయవాడ లెనిన్ సెంటర్ షాపులవాళ్లైనా ఇది వినగానే ఊరికే తల ఊపి పక్కనున్న కస్టమర్ వైపు తిరుగుతారు. వాళ్లని అనడానికి లేదు. లైబ్రరీలో అడిగినా అంతే. వెనకటి కార్డుల పెట్టెల్లోనైనా, ఇప్పటి కంప్యూటర్ కేటలాగుల్లోనైనా పుస్తకం పేరుతోనో, రాసినవాళ్ల పేరుతోనో, మహా అయితే విషయంతోనో దొరకాలి. "ఎర్ర రిబ్బన్" అనే గడి ఎక్కడా లేదు.

నేను మాత్రం ఎర్ర రిబ్బన్ పక్షం. చిన్నప్పుడు చదివి సగం మరిచిపోయిన పుస్తకాన్ని వెతికేటప్పుడు పేరు కన్నా, కథ కన్నా, పనికిరానివిగా కనిపించే ఇలాంటి ఆనవాళ్లనే ఎక్కువ నమ్మాలి. పిల్లల జ్ఞాపకశక్తి మీద జాలితో అంటున్న మాట కాదిది. పుస్తకాల పేర్లూ అట్టలూ పాత్రల పేర్లూ పబ్లిషర్లు మార్చేస్తారు. పిల్లలు పట్టుకున్న చిన్న వివరాలు చాలాసార్లు అలాగే మిగిలిపోతాయి. నా ఉదాహరణలన్నీ గుర్రాల పుస్తకాల నుంచే, ఎందుకంటే నేను ఏళ్ల తరబడి వెతికినవి అవే.

సికింద్రాబాదులో రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగు పిల్లకి ఇంగ్లండు గుర్రాల పుస్తకాలు ఎలా దొరికాయని అడగొచ్చు. లాలాగూడ చుట్టుపక్కల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. వాళ్లు ఒక్కొక్కరే ఆస్ట్రేలియాకో ఇంగ్లండుకో వెళ్లిపోతూ సామాన్లు అమ్ముకునేవాళ్లు. మేం అద్దెకి తెచ్చుకున్న పుస్తకాల్లో చాలా వాటి మొదటి పేజీలో ఎవరో ఇంగ్లీషు పేర్లున్న పిల్లల సంతకాలు ఉండేవి కాబట్టి అవి ఆ ఇళ్లలోంచే వచ్చాయనుకుంటాను. అదీ మొదటి పేజీ ఉంటే. సగం పుస్తకాలకి అట్ట ఉండేది కాదు, టైటిల్ పేజీ ఉండేది కాదు, కథ పదకొండో పేజీ నుంచి మొదలయ్యేది. అందుకే "పేరు మరిచిపోయాను" అని ఎవరైనా నొచ్చుకుంటుంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆ పేరు మనకి ఎప్పుడైనా తెలిస్తే కదా మరిచిపోవడానికి!

ఆ పుస్తకాల్లోని లోకం మాకు బొత్తిగా పరాయిది. మేం చూసిన గుర్రాలు రెండే రకాలు. పెళ్లి ఊరేగింపులో పెట్రొమాక్స్ లైట్ల మధ్య బెదిరిపోతూ నడిచేది ఒకటి. సెలవులకి అమ్మమ్మగారి ఊరెళ్తే స్టేషన్ బయట జట్కాకి కట్టి, కళ్లకి గంతలతో, ఎముకలు లెక్కపెట్టేలా నిలబడి ఉండేది ఇంకొకటి. పుస్తకాల్లో మాత్రం పన్నెండేళ్ల ఆడపిల్ల తెల్లారుజామున లేచి తన గుర్రం డెక్కలు శుభ్రం చేస్తుంది, జీనుకి సబ్బు పట్టిస్తుంది, చలికాలం దాని మీద రగ్గు కప్పుతుంది. ఏప్రిల్ ఎండలో ఫ్యాను కింద పడుకుని గుర్రానికి చలి వేయకుండా ఏం చేయాలో మేం నేర్చుకున్నాం. జింఖానా అంటే మాకు క్రికెట్ ఆడే గ్రౌండు. అక్కడ గుర్రాల మీద పిల్లలు బంగాళాదుంపలు బకెట్లో వేసే పందెం ఎందుకు ఆడుతున్నారో కొన్నాళ్లు అర్థమే కాలేదు. ఆ పందేల్లో గెలిస్తే ఇచ్చేదే ఆ ఎర్ర రిబ్బన్. ఇంగ్లండులో మొదటి బహుమతికి ఎరుపు, రెండోదానికి నీలం.

ఇలాంటి కథల్లో పిల్లలకి వివరాలు గుర్తుండిపోవడానికి ఒక కారణం ఉంది. గుర్రాల పుస్తకం చదివేవాళ్లకి అది నేర్పే మొదటి విద్య పరిశీలన. ఏ గుర్రాన్నైనా పరిచయం చేసేటప్పుడు ముందు రంగు చెప్తారు, తర్వాత నుదుటి మీద చుక్క ఉందా, ముక్కు దాకా తెల్లచార ఉందా, ఏ కాలు తెలుపు, ఎంత ఎత్తు. మన పెద్దవాళ్లు కూడా నాలుగు కాళ్లూ ముఖమూ తెల్లగా ఉన్న గుర్రాన్ని పంచకళ్యాణి అని, సుడులు ఎక్కడున్నాయో చూసి మంచిచెడ్డలు ఎంచేవాళ్లు. ఇలా చదివిన పిల్ల ముప్ఫై ఏళ్ల తర్వాత "ముందు ఎడమ కాలు తెలుపు" అని చెప్తే నేను నమ్ముతాను. "కథ ఏమిటంటే..." అని మొదలుపెడితే మాత్రం కొంచెం జాగ్రత్తపడతాను.

ఎందుకో చెప్తాను. మా అక్కకీ నాకూ ఒక పుస్తకం మీద ఎన్నాళ్లుగానో గొడవ. ఇద్దరం ఒకే పుస్తకం చదివామని ఇద్దరి నమ్మకం. బీద అమ్మాయి, గుర్రాలున్న డబ్బున్న బంధువుల పిల్లలు, వాళ్లు ఈమెని చులకనగా చూడటం, చివరికి ఈమె నెగ్గడం. ఇంతవరకూ ఒప్పందమే.

"ఆ పిల్ల సొంతంగా కొనుక్కుంది గుర్రాన్ని" అంటుంది అక్క.

"కాదక్కా, ఊరికే ఇచ్చారు. పనికిరానిదని ఇచ్చేశారు. దానికి ఏదో వంటింటి సామాను పేరు కూడా పెట్టారు."

"వంటింటి సామానా? నీ మొహం! గుర్రానికి ఎవరైనా గరిటె అని పేరు పెడతారా?"

తీరా చూస్తే పేరు గరిటె కాదు గానీ, సామానే. జోవానా కానన్ 1936లో రాసిన 'ఎ పోనీ ఫర్ జీన్'లో బంధువులు జీన్‌కి ఇచ్చిన బక్క గుర్రాన్ని 'టోస్ట్‌ర్యాక్' అని పిలుస్తారు. బ్రెడ్డు ముక్కలు నిలబెట్టే ఊచల స్టాండులాగా దాని పక్కటెముకలు బయటికి కనిపిస్తుంటాయి కాబట్టి ఆ పేరు. జీన్ దానికి కవలియర్ అని కొత్త పేరు పెట్టుకుంటుంది. ఏ లైబ్రరీ కేటలాగులోనూ ఈ సంగతి ఉండదు. ఈ పుస్తకాలని ఒక్కొక్కటిగా చదివి, ఏ గుర్రం ఏ పుస్తకంలోదో రాసిపెట్టినవాళ్ల దగ్గర ఉంది.

మరి అక్క చదివింది? అది కూడా నిజమే. డయానా పులైన్ థాంప్సన్ 1946లో రాసిన 'ఐ వాంటెడ్ ఎ పోనీ'లో ఆగస్టా అనే అమ్మాయి గొప్పలు పోయే బంధువుల పిల్లల మధ్య ఇమడలేక తనకంటూ ఒక గుర్రం కావాలని పట్టుబట్టి సాధించుకుంటుంది. ఈ డయానా ఎవరో తెలుసా? జోవానా కానన్ కూతురు. జోసెఫిన్, కవలలు డయానా, క్రిస్టీన్ ముగ్గురూ అక్కచెల్లెళ్లు, ముగ్గురూ గుర్రాల పుస్తకాలు రాసినవాళ్లే. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో రైడింగ్ స్కూలు నడిపారు, చిన్నప్పుడే కలిసి రాయడం మొదలుపెట్టారు. క్రిస్టీన్ ఒక్కతే వందకు పైగా పుస్తకాలు రాసింది. తల్లీ ముగ్గురు కూతుళ్లూ ఒకే ఇంటి గాలి పీల్చి రాసిన కథల్లో బంధువులూ బక్క గుర్రాలూ పోటీలూ ఒకలాగే ఉండటంలో వింతేముంది? మా ఇద్దరి జ్ఞాపకాలూ సరైనవే, పుస్తకాలే రెండు. కథ చెప్పి వెతికినంత కాలం అవి ఒకటిగా కనబడ్డాయి, గుర్రం పేరు దగ్గరికి వచ్చేసరికి విడిపోయాయి. అక్క ఇప్పటికీ తన పుస్తకమే గొప్పదంటుంది, అది వేరే సంగతి.

ఇంకో చిన్న ఆనవాలు కూడా ఉంది. కథ ఎవరు చెప్తున్నారు, గుర్రమా, పిల్లా? 'ఎ పోనీ ఫర్ జీన్'కి ముందు ఇంగ్లండులో ఇలాంటి పుస్తకాలు ఎక్కువగా గుర్రమే తన కథ చెప్పుకున్నట్టు ఉండేవి. 1929లో వచ్చిన 'మూర్‌ల్యాండ్ మౌసీ' అలాంటిదే, అందులో ఎక్స్‌మూర్ గుర్రం మాట్లాడుతుంది. తర్వాత తర్వాత కథ గుర్రం నోట్లోంచి పిల్ల నోట్లోకి వచ్చింది. కాబట్టి "గుర్రం చెప్పింది" అని గుర్తుంటే పాత కాలం వైపు, "అమ్మాయి వేళాకోళంగా చెప్పింది" అని గుర్తుంటే 1936 తర్వాతకి వెళ్లి వెతకొచ్చు.

వేళాకోళం అంటే గుర్తొచ్చింది జిల్. రూబీ ఫెర్గూసన్ 1949 నుంచి 1962 దాకా రాసిన తొమ్మిది పుస్తకాల్లోని అమ్మాయి. వాళ్లమ్మ పిల్లల కథలు రాసి సంసారం నెట్టుకొస్తుంటుంది, ఆ కథలంటే జిల్‌కి చిరాకు. గుర్రాల పుస్తకాల్లో ఇంత నవ్వించే పిల్ల ఇంకొకరు లేరని నా అభిప్రాయం. ఈ పుస్తకాలని వెతికేవాళ్లకి ఎదురయ్యే చిక్కు చూడండి. జిల్ మొదటి గుర్రం పేరు బ్లాక్ బాయ్. కాలం మారాక ఆ పేరు వినడానికి బాగోదనుకున్నారు కాబోలు, తర్వాతి పేపర్‌బ్యాకుల్లో అదే గుర్రం డానీ బాయ్ అయిపోయింది. 'జిల్ ఎంజాయ్స్ హర్ పోనీస్' అన్న పుస్తకం 'జిల్ అండ్ ది రనవే' పేరుతో వచ్చింది. 'పోనీ జాబ్స్ ఫర్ జిల్' కాస్తా 'చాలెంజెస్ ఫర్ జిల్' అయింది. అంటే పాత ముద్రణ చదివిన ఆమె, కొత్త ముద్రణ చదివిన వాళ్లమ్మాయి ఇద్దరూ కలిసి వెతికితే, ఇద్దరి నోటా వేర్వేరు పేర్లు వస్తాయి. ఒకరికి ఒకరు తప్పు చెప్తున్నట్టు అనిపిస్తారు. ఇక్కడ మరిచిపోయింది ఎవరు? పాఠకురాలా, పబ్లిషరా?

సినిమా చేసే గల్లంతు ఇంకో రకం. వాల్టర్ ఫార్లీ 1941లో రాసిన 'ది బ్లాక్ స్టాలియన్'లో అలెక్ రామ్‌సే అనే అబ్బాయి మన దేశంలో ఉన్న మామయ్య దగ్గర సెలవులు గడిపి ఓడలో అమెరికా తిరిగి వెళ్తుంటాడు. ఓడ మునిగి, అతనూ ఒక అడవి గుర్రమూ దీవికి కొట్టుకుపోతారు. 1979లో సినిమాగా వచ్చినప్పుడు మామయ్యా ఇండియా రెండూ పోయాయి, ఓడలో అబ్బాయి పక్కన తండ్రి ఉంటాడు. కాబట్టి "ఇండియా నుంచి వెళ్తాడు, నాకు బాగా గుర్తు" అని ఎవరైనా అంటే వాళ్లు పుస్తకం చదివారని అర్థం. "నాన్న చనిపోతాడు" అంటే సినిమా చూశారు. నా స్నేహితుల్లో ఒకతను ఇండియా సంగతి తను కల్పించుకున్నదే అనుకుంటూ ఉండేవాడు. మన దేశం పేరు కాబట్టి మనమే అతికించుకుని ఉంటామని అతని లెక్క. కాదు. అది మొదటి వాక్యాల్లోనే ఉంది.

ఇక అందరూ చదివామని చెప్పేదీ, నిజానికి చాలా తక్కువమంది పూర్తిగా చదివిందీ 'బ్లాక్ బ్యూటీ'. అనా సెవెల్ రాసిన ఒకే ఒక్క పుస్తకం, అదే పేరున్న గుర్రం తన కథ తనే చెప్పుకుంటుంది. పద్నాలుగో ఏట కాళ్లకి దెబ్బ తగిలి సరిగా నడవలేకపోయిన ఆమె జీవితమంతా గుర్రబ్బండి మీదే తిరిగింది. మంచం పట్టిన స్థితిలో, కొంత తల్లికి చెప్పి రాయించి, 1877 నవంబరులో అచ్చులో చూసుకుని, అయిదు నెలలకే 1878 ఏప్రిల్‌లో చనిపోయింది. ఆ కాలంలో బండి గుర్రాల తల ఎప్పుడూ ఠీవిగా పైకెత్తి ఉండాలని బిగించి కట్టే ఒక పగ్గం ఉండేది. మెడ వంచడానికి వీల్లేక గుర్రాలు నరకం పడేవి. దాని మీద కోపంతో రాసిన పుస్తకం ఇది.

మనకి దొరికేవి మాత్రం ఎక్కువగా కుదించిన ప్రతులు. బొమ్మలు పెద్దవి, కథ చిన్నది. నలభయ్యో అధ్యాయంలో జింజర్ చావు ఉంటుంది. ఒకప్పుడు కలిసి బండి లాగిన ఆడగుర్రం జింజర్ కొన్నాళ్ల తర్వాత ఎముకల గూడులా బ్యూటీకి కనిపిస్తుంది. తర్వాత ఒకరోజు చచ్చిన గుర్రాన్ని వేసుకుని ఒక బండి పక్కనుంచి వెళ్తుంది. నాలుక వేలాడుతున్న గోధుమవన్నె గుర్రం, సన్నటి పొడుగు మెడ, నుదుటి మీద తెల్లచార. అది జింజరే అనుకుంటున్నాను, జింజరే అయితే బాగుండును, దాని కష్టాలు తీరినట్టే అంటుంది బ్యూటీ. ఇది చదివినవాళ్లు మరిచిపోరు. "జింజర్ చనిపోయిందా? నాకు గుర్తు లేదే" అన్నవాళ్లు మరిచిపోయారనుకోవద్దు. వాళ్ల పుస్తకంలో ఆ పేజీ లేకపోయి ఉండవచ్చు.

ఈ పుస్తకంలోనే నా వాదనకి అసలు సాక్ష్యం ఉంది. బ్యూటీకి జీవితంలో ఎన్ని పేర్లు! పుట్టినప్పుడు డార్కీ. స్క్వైర్ గోర్డన్ ఇంట్లో బ్లాక్ బ్యూటీ. ఎర్ల్ గారింట్లో బ్లాక్ ఆస్టర్. లండన్‌లో బండి లాగేటప్పుడు జాక్. చేతులు మారినకొద్దీ పేరు మారుతుంది, ఒంటి మీద గాయాలు పెరుగుతాయి, రేటు పడిపోతుంది. చివర్లో ఒక ఇంట్లో గుర్రాలు చూసుకునేవాడు దాన్ని తోముతూ ఆగిపోతాడు. నుదుటి మీద చుక్క, ఒక కాలు తెలుపు, మెడ దగ్గర సూది గుచ్చి రక్తం తీసినప్పటి చిన్న ముడి, వీపు మీద నాణెమంత తెల్ల మచ్చ. ఒక్కొక్కటే చూసుకుని ఇది బ్యూటీయే అని అరుస్తాడు. వాడు ఒకప్పుడు అజ్ఞానంతో ఆ గుర్రాన్ని చావు దాకా తీసుకెళ్లిన కుర్రవాడు జో గ్రీన్. పేరుతో వెతికితే జోకి ఆ గుర్రం ఈ జన్మలో దొరికేది కాదు.

గుర్రం తన కథ చెప్పుకునే పుస్తకం అనగానే అందరూ బ్లాక్ బ్యూటీ అనేస్తారు గానీ, మన దగ్గర ఇంకో అవకాశం కూడా చూసుకోవాలి. విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికిన రష్యన్ పుస్తకాల మీద పెరిగిన తరం మనది. తోల్‌స్తోయ్ 1886లో అచ్చువేసిన 'ఖల్‌స్తమేర్' కూడా ముసలి గుర్రం ఆత్మకథే. ఆనవాలు అడగండి: గుర్రం నల్లదా, మచ్చలదా? కథ మనకి చెప్తోందా, రాత్రిపూట మిగతా గుర్రాలకి చెప్తోందా? మనుషులు "నాది" అనే మాటని ఎందుకంత పట్టుకుని వేలాడతారో అర్థం కావడం లేదని గుర్రం ఎక్కడైనా తర్కిస్తుందా? అలా అయితే అది తోల్‌స్తోయ్ మచ్చల గుర్రం. పందెపు గుర్రానికి విషం పెట్టి చంపడం గుర్తుంటే అది ఇంకో రష్యన్ రచయిత కుప్రిన్ 1907లో రాసిన కథ. ఆ కథని ఆయన ఖల్‌స్తమేర్ స్మృతికే అంకితమిచ్చాడు.

పుస్తకం ఒంటి మీది ఆనవాళ్లు కూడా చిన్నవి కావు. అట్ట మీద ధర షిల్లింగుల్లో ఉందా, 25p అని ఉందా? ఇంగ్లండులో పాత నాణేల లెక్క 1971 ఫిబ్రవరిలో పోయింది కాబట్టి, p అని మాత్రమే ఉంటే ఆ తర్వాతి ముద్రణ అని దాదాపు చెప్పేయొచ్చు. వెనకవైపు ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాలకిచ్చే అంతర్జాతీయ నంబరు, పది అంకెలది ఉందంటే 1970 తర్వాతది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన పుస్తకాల లోపలి మాటలతో వెతకొచ్చు. అక్కడ గుర్రం, అమ్మాయి, పోటీ అని కొడితే సముద్రంలో పడతాం. గుర్రం పేరూ, ఒక విచిత్రమైన వస్తువూ కలిపి కొడితే ఒడ్డు కనిపిస్తుంది. ఈ మధ్య కృత్రిమ మేధని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నేనూ అడిగాను. పేరు, రచయిత, సంవత్సరం, ఆఖరికి అట్ట మీద బొమ్మతో సహా ఎంతో వినయంగా చెప్పింది, తీరా అలాంటి పుస్తకం లోకంలో లేదు. తెలియదని తల ఊపి పక్కకి తిరిగే షాపాయనే నయం.

"ఇంత కష్టపడి వెతకడం ఎందుకు? దొరికాక చదివితే చప్పగా ఉంటుంది, ఉన్న తీపి కూడా పోతుంది" అనేవాళ్లున్నారు. మంచి చదువరులే ఈ మాట అంటారు కాబట్టి కొట్టిపారేయను. కొన్ని పుస్తకాలు నిజంగానే చప్పబడ్డాయి. తమకి డబ్బులేదని వాపోతూనే పెరట్లో గుర్రాన్ని కట్టేసుకునే ఆ బీదరికం చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ బ్లాక్ బ్యూటీని పూర్తి ప్రతిలో చదివినప్పుడు నన్ను జింజర్ కన్నా ముందు ఆపింది దాని ముందరి అధ్యాయం. చిన్నప్పటి నా ప్రతిలో అది లేదు. సామ్ అనే బండివాడు. బండీ గుర్రాలూ తనవి కావు, రోజుకి పద్దెనిమిది షిల్లింగులు యజమానికి కట్టాలి. ముందు అది సంపాదించాకే తనకి మిగిలేది. రోజుకి పద్నాలుగు, పదహారు గంటలు బండి మీదే, వారాల తరబడి ఆదివారం సెలవు కూడా లేదు. గుర్రాన్ని కొట్టకుండా ఎలా నడపమంటారని అడుగుతాడు. ఇంట్లో పిల్లలున్నారంటాడు. కొద్ది రోజులకే చనిపోతాడు. హైదరాబాదులో అద్దె ఆటో నడిపే ఎవరినైనా ఒక పూట మాట్లాడించండి, లెక్క ఇలాగే ఉంటుంది, షిల్లింగుల బదులు రూపాయలు. పిల్లల పుస్తకమని చెప్పి మన చేతికిచ్చినవాళ్లు సామ్‌ని కత్తిరించి ఇచ్చారు. వెతక్కుండా కూర్చుంటే నాకు అతను ఎప్పటికీ తెలిసేవాడు కాదు. పోయిన తీపి కన్నా ఇది నాకు ఎక్కువ.

ఇంతకీ నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. ఎక్కడో ఇంగ్లండులో 1950లలో అచ్చయి, ఇవాళ పేరున్న సాహిత్య చరిత్రల్లో ఒక్క పేరా కూడా దక్కని గుర్రాల పుస్తకాన్ని సికింద్రాబాదులో కూర్చుని నేను పట్టుకోగలిగాను. కారణం, జేన్ బాడ్జర్ లాంటివాళ్లు వాటిని పనిగట్టుకుని సేకరించి, ఏ ముద్రణకి ఏ అట్ట, బొమ్మలు ఎవరివి, గుర్రం పేరేమిటి, పేరు ఎప్పుడు మారింది అని రాసిపెట్టారు. ఆవిడ 2013లో ఈ పుస్తకాల మీద ఏకంగా ఒక చరిత్రే రాసింది. అది యూనివర్సిటీల వాళ్లు పెద్దగా పట్టించుకోని పని. ఇష్టం ఉన్నవాళ్లు చేశారు.

మన పిల్లల పుస్తకాలకి అలా ఎవరున్నారు? చందమామని అభిమానులు కాపాడుకున్నారు, ఒప్పుకుంటాను. అయినా అక్కడ కూడా సంగతి చూడండి. 1954లో మొదలైన 'తోకచుక్క' నుంచి 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాకాసిలోయ' దాకా పిల్లల్ని నెలనెలా ఊపిరి బిగబట్టించిన సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. పత్రికలో ఆయన పేరు వేయలేదు. తరాల పాఠకులకి చిత్రా గారి బొమ్మలు గుర్తున్నాయి, ఆ కథలు గుర్తున్నాయి, రాసిందెవరో చాలా ఆలస్యంగా తెలిసింది. పేరు తెలియని పాఠకుడిది తప్పా అని మళ్లీ అడుగుతున్నాను.

చందమామ దాటి బయటికొస్తే ఇంకా అన్యాయం. పల్చటి పిల్లల పుస్తకాలు ఎన్ని వచ్చాయి! చాలా వాటి మీద అచ్చయిన సంవత్సరం ఉండదు, బొమ్మలు వేసినవాళ్ల పేరు ఉండదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని స్కాన్ అయినవి కొన్ని ఉన్నాయి గానీ, వాటి పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. పేరు తెలిసినవాడికే దొరకవు. విచిత్రం ఏమిటంటే, తెలుగులో పిల్లల పుస్తకాల్లో ఆనవాళ్లు బాగా మిగిలినవి మాస్కో నుంచి వచ్చినవి. వాటిలో అనువాదం ఎవరిది, బొమ్మలు ఎవరివి అని పద్ధతిగా వేసేవాళ్లు.

దీనికి పెద్ద ప్రాజెక్టులేం అక్కర్లేదు. మీ ఇంట్లో అటక మీద ఉన్న ఒక్క పుస్తకానికి సంబంధించి అట్ట రంగు, ధర, బొమ్మలు, మొదటి వాక్యం, జంతువుల పేర్లు తెలుగు లిపిలో టైపు చేసి ఎక్కడైనా పెట్టండి. అట్ట ఫొటో పెట్టి "ఆ రోజులే వేరు" అని రాసి ఊరుకుంటే మాత్రం వెతికేవాడికి ఏమీ ఉపయోగపడదు, ఫొటోలోని అక్షరాలు సెర్చ్‌లో సరిగా దొరకవు.

నేను వెతుకుతున్న తెలుగు పుస్తకం ఒకటి ఇంకా దొరకలేదు. నోటుబుక్కు కన్నా చిన్న సైజు, రెండు పిన్నులు కొట్టిన పుస్తకం. లోపల బొమ్మలు నలుపు, ఆకుపచ్చ రెండే రంగుల్లో ఉంటాయి. ఒక జట్కావాడి గుర్రం రైలుతో పందెం వేస్తుంది. గుర్రానికి కుడిచెవి చివర తెగి ఉంటుంది, బొమ్మలన్నిటిలోనూ అది తెగే ఉంటుంది. జట్కావాడి పేరు సాయిబుతో ముగుస్తుంది. వెనక అట్ట మీద ఎక్కాలు. ధర ముప్ఫై పైసలో, అరవై పైసలో. చివరి పేజీ మా ప్రతిలో లేదు కాబట్టి పందెం ఎవరు గెలిచారో నాకు తెలియదు. మీ దగ్గర ఉంటే పేరు ఒక్కటే చెప్పి ఆగిపోకండి, ఆ చివరి పేజీలో ఏముందో కూడా చెప్పండి.